వివిక్త గణితము

వివిక్త గణితము గణిత శాస్త్రములో ఒక విభాగము. ఒకదానికొకటి విడివిడిగా ఉండి, ఒకటి, రెండు, మూడు అని లెక్కింపదగిన వస్తువులను గురించి, వాటి అమరికలను గురించి, వాటి మధ్య గల సంబంధములను గురించి ఇది చర్చించును. పూర్ణ సంఖ్యలు, సమితులు, తార్కిక ప్రవచనములు, గ్రాఫులు మొదలగునవి దీని పరిధిలోనివి. కంప్యూటరులో సమస్త సమాచారము 0, 1 అను రెండు అంకెల వరుసలుగానే నిలువ చేయబడును. కావున కంప్యూటరు శాస్త్రమునకు ఈ గణితము పునాది వంటిది. విశ్వవిద్యాలయములలో కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులకు సాధారణముగా మొదటి లేక రెండవ సంవత్సరములో దీనిని ఒక పాఠ్యాంశముగా బోధించుదురు. లెక్కించుట, అమర్చుట అనువాటితో పాటు, ఒక విషయము ఎల్లప్పుడు సత్యమని నిరూపించుట ఎట్లో విద్యార్థి మొదటిసారిగా నేర్చుకొనునది తరచుగా ఈ పాఠ్యాంశములోనే.

పేరు, అర్థము

వివిక్తము అనగా విడిగా ఉన్నది, వేరుపడినది అని అర్థము. బిందెలోని నీటిని కొలుచుదుము. బుట్టలోని మామిడికాయలను లెక్కించుదుము. నీటిని ఎంత చిన్న భాగముగనైనను విభజించి కొలువవచ్చును. మామిడికాయలు నాలుగుండును, లేక ఐదుండును. నాలుగుకు, ఐదుకు నడుమ మరియొక సంఖ్య ఉండదు. ఎడతెగక మారు రాశులను, అనగా వేగము, ఉష్ణోగ్రత, ప్రవాహము మొదలగువాటిని గురించి కలన గణితము చర్చించును. విడివిడి వస్తువులను గురించి వివిక్త గణితము చర్చించును.

వివిక్తము అనగా పరిమితము అని పొరబడరాదు. 1, 2, 3 ... అను సహజ సంఖ్యలకు అంతము లేదు. అయినను అవి ఒకదానికొకటి విడిగానే ఉన్నవి గనుక వివిక్త గణితములోనికే వచ్చును.

చరిత్ర

ప్రాచీన భారతదేశములో

వివిక్త గణితమను పేరు ఆధునికమైనను దానిలోని కొన్ని విషయములు భారతదేశములో ఛందశ్శాస్త్రము ద్వారా మిక్కిలి ప్రాచీన కాలముననే పరిశీలింపబడినవి. పింగళుని ఛందశ్శాస్త్రములో గురులఘువుల అమరికలన్నిటిని వరుసగా వ్రాయు పద్ధతి సూత్రరూపమున ఉన్నది. దీనిని ప్రస్తారము అందురు. పదవ శతాబ్దికి చెందిన హలాయుధుడు పింగళుని సూత్రములకు వ్రాసిన వ్యాఖ్యానములో మేరు ప్రస్తారమును వివరించెను. ఐరోపాలో పాస్కల్ త్రిభుజమని ప్రసిద్ధి చెందినది ఇదియే.

తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహములో సంయోగముల సంఖ్యను కనుగొనుటకు సాధారణ సూత్రమును చెప్పెను. ఈ గ్రంథమునే తరువాత పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో అంకపాశమను ప్రకరణము అంకెల ప్రస్తారములను గురించి చర్చించును. ఇంటర్మీడియెట్ తెలుగు గణిత పుస్తకములలో కనిపించు "ప్రస్తారము" అను మాట ఛందస్సు నుండి వచ్చినదే.

ఐరోపాలో

1735లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరములోని ఏడు వంతెనల సమస్యను పరిష్కరించెను. గ్రాఫు సిద్ధాంతమునకు ఇది ఆరంభముగా చెప్పబడుచున్నది. 1854లో జార్జి బూల్ తర్కమును బీజగణిత రూపములో వ్రాయు పద్ధతిని గ్రంథరూపమున విపులముగా ప్రకటించెను. 1936లో అలన్ ట్యూరింగ్ గణన అనగానేమో నిర్వచించి, ఏ యంత్రమును చేయజాలని గణనలు కూడ ఉన్నవని నిరూపించెను. 1937లో క్లాడ్ షానన్ తన స్నాతకోత్తర పరిశోధన వ్యాసములో విద్యుత్ స్విచ్చుల వలయములను బూల్ బీజగణితముతో విశ్లేషింపవచ్చునని చూపెను. అంతవరకు తత్త్వవేత్తల వద్దనున్న తర్కము దీనితో ఇంజనీర్ల చేతికి వచ్చినది.

పాఠ్యాంశముగా

1962లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయములో కంప్యూటరు శాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడినది. ఆ దశకములో కంప్యూటరు శాస్త్రమనగా ఏమి, దానిని ఎట్లు బోధింపవలెను అను చర్చ సాగినది. ఏ.సి.ఎం. అను వృత్తిసంఘము 1968లో ప్రకటించిన పాఠ్యప్రణాళికలో వివిక్త నిర్మాణములకు ఒక ప్రత్యేక పాఠ్యాంశము కేటాయింపబడినది. 2001లో ఏ.సి.ఎం., ఐ.ఇ.ఇ.ఇ. కంప్యూటర్ సొసైటీ సంయుక్తముగా ప్రకటించిన ప్రణాళికలో విద్యార్థులందరు తప్పక చదువవలసిన 280 గంటల పాఠములలో 43 గంటలు దీనికే కేటాయింపబడినవి. 2023 నాటి ప్రణాళికలో దీనికి సంభావ్యత, గణాంకశాస్త్రము మొదలగునవి కూడ చేర్చి గణిత, గణాంక పునాదులు అను పేరు పెట్టిరి.

ఛందస్సు ద్వారా ఒక పరిచయము

తెలుగు పాఠశాలలో ఛందస్సు చదివినవారికి వివిక్త గణితములోని మూడు ముఖ్య భావనలు ఇదివరకే పరిచితములు.

మొదటిది గుణకార సూత్రము. మూడక్షరముల గణములో ప్రతి అక్షరము గురువు గాని, లఘువు గాని కావచ్చును. కావున మొత్తము అమరికలు 2 × 2 × 2 = 8. అందుచేతనే అక్షరగణములు ఎనిమిది. ఏడు గాని తొమ్మిది గాని కాలేవు. ప్రస్తార క్రమములో అవి ఇట్లుండును. ఇందు గ అనగా గురువు, ల అనగా లఘువు.

1. మ గణము - గగగ
2. య గణము - లగగ
3. ర గణము - గలగ
4. స గణము - లలగ
5. త గణము - గగల
6. జ గణము - లగల
7. భ గణము - గలల
8. న గణము - లలల

రెండవది ద్విసంఖ్యామానము. గురువునకు 0, లఘువునకు 1 అని వ్రాసి, మొదటి అక్షరమునకు 1, రెండవదానికి 2, మూడవదానికి 4 చొప్పున విలువలిచ్చి, లఘువులున్న స్థానముల విలువలను కూడి 1 కలిపినచో గణము యొక్క వరుససంఖ్య వచ్చును. ఉదాహరణకు భ గణములో రెండు, మూడు స్థానములలో లఘువులున్నవి. 2 + 4 = 6; దానికి 1 కలుపగా 7. పై పట్టికలో భ గణము ఏడవదే.

ఈ పద్ధతి ఎంత పెద్ద పాదమునకైనను వర్తించును. ఉత్పలమాల పాదములో 20 అక్షరములుండును. 20 అక్షరములలో గురులఘువుల అమరికలు 2²⁰, అనగా 10,48,576. ఉత్పలమాలకు గణములు భ, ర, న, భ, భ, ర, వ. లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానములలో వచ్చును. ఒక్కొక్క స్థానము దాటినప్పుడు విలువ రెట్టింపగును గనుక ఆ స్థానముల విలువలు 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144. వీటి మొత్తము 3,55,798. దానికి 1 కలుపగా 3,55,799. ఛందోగ్రంథములలో ఉత్పలమాలకు చెప్పబడిన వృత్తసంఖ్య ఇదియే. పది లక్షలకు పైగా ఉన్న అమరికలను వ్రాయకుండనే వాటిలో ఒకదాని స్థానమును తెలిసికొనుట దీని వలన సాధ్యమగుచున్నది.

మూడవది పునరావృత్త సంబంధము. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను ఎన్ని విధములుగా కూర్పవచ్చును? చివరి అక్షరము లఘువైనచో ముందు మూడు మాత్రలుండును. గురువైనచో ముందు రెండు మాత్రలుండును. కావున నాలుగు మాత్రల కూర్పుల సంఖ్య, మూడు మాత్రల కూర్పుల సంఖ్యకు రెండు మాత్రల కూర్పుల సంఖ్యను కలిపిన మొత్తమునకు సమానము. ఈ విధముగా 1, 2, 3, 5, 8, 13 ... అను వరుస వచ్చును. దీనిని పాశ్చాత్యులు ఫిబొనాచీ సంఖ్యలు అందురు. ఫిబొనాచీ 1202లో వీటిని తన గ్రంథములో చెప్పుటకు పూర్వమే విరహాంకుడు, హేమచంద్రుడు వీటిని ఛందస్సులో చెప్పియున్నారు. నాలుగు మాత్రలకు ఐదు కూర్పులు వచ్చును. కంద పద్యములో వాడు గగ, భ, జ, స, నల అను ఐదు గణములు సరిగా ఇవియే.

ముఖ్య విభాగములు

తర్కము

సత్యము గాని, అసత్యము గాని కాగల వాక్యమును ప్రవచనము అందురు. ప్రవచనములను మరియు, లేదా, కాదు, అయినచో అను మాటలతో కలిపినప్పుడు వచ్చు ఫలితములను సత్యపు పట్టికల ద్వారా పరిశీలించుదురు. నిత్యవ్యవహారములో ఈ మాటలకు అర్థము సందర్భమును బట్టి మారును, తర్కములో మారదు. "కాఫీ లేదా టీ ఇవ్వండి" అనినప్పుడు రెంటిలో ఒకటే అని భావము. "ఆధార్ కార్డు లేదా రేషను కార్డు తీసికొని రావలెను" అనినప్పుడు రెండును తెచ్చినవానిని వెనుకకు పంపరు. తర్కములోని "లేదా" ఈ రెండవ రకమునకు చెందినది.

తెలుగులో ఒక్క ఏకారము వలన తార్కికార్థము తలక్రిందులగుట గమనింపదగినది. "టిక్కెట్టు ఉంటే లోనికి పంపుతారు" అనునది టిక్కెట్టు ఉన్నవారికి ప్రవేశము తప్పదని చెప్పును. టిక్కెట్టు లేనివారిని గురించి ఏమియు చెప్పదు. "టిక్కెట్టు ఉంటేనే లోనికి పంపుతారు" అనునది టిక్కెట్టు లేనివారికి ప్రవేశము లేదని చెప్పును. ఉన్నవారందరికి చోటు దొరకునని చెప్పదు. మొదటిది పర్యాప్త నియమము, రెండవది ఆవశ్యక నియమము. ఈ రెంటిని ఒకటిగా భావించుట నిరూపణలలోను, ప్రోగ్రాములలోను తరచుగా కనిపించు దోషము.

"ప్రతి", "ఒకటైన" అను పరిమాపకముల క్రమము కూడ ముఖ్యమే. "ప్రతి తాళమునకు ఒక చెవి ఉన్నది" అనుటకు, "ఒక చెవి ప్రతి తాళమునకు పట్టును" అనుటకు ఎంతో భేదము కలదు. రెండవది సత్యమైనచో ఏ ఇంటికిని రక్షణ ఉండదు.

సమితులు, సంబంధములు, ప్రమేయములు

సమితి అనగా స్పష్టముగా నిర్వచింపబడిన వస్తువుల సముదాయము. ఒక సమితిలోని వస్తువులను మరియొక సమితిలోని వస్తువులతో జతపరచుట సంబంధము. మొదటి సమితిలోని ప్రతి వస్తువును రెండవ సమితిలోని ఒకే ఒక వస్తువుతో జతపరచు సంబంధము ప్రమేయము. సమాచార నిధులలోని పట్టికలు గణితదృష్టితో సంబంధములే. 1970లో ఎడ్గర్ కాడ్ ఈ భావనపై ఆధారపడి సమాచార నిధులకు కొత్త నమూనాను ప్రతిపాదించెను. బ్యాంకులు, రైల్వే రిజర్వేషను మొదలగు వ్యవస్థలలో నేడు వాడు సమాచార నిధులలో అధికభాగము ఆ నమూనాను అనుసరించినవే.

గణన పద్ధతులు

వస్తువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టక వాటి సంఖ్యను కనుగొను పద్ధతులు ఇందు చర్చింపబడును. ఇరువది ఊళ్ళను ఏ క్రమములో తిరిగినచో దూరము తగ్గునో తెలిసికొనవలెను అనుకొందము. ఊళ్ళ క్రమములు 20 × 19 × 18 × ... × 1, అనగా సుమారు 2.43 × 10¹⁸. సెకనుకు నూరు కోట్ల క్రమములను పరిశీలించు యంత్రమునకైనను వీటినన్నిటిని చూచుటకు 77 సంవత్సరములు పట్టును. యంత్రము యొక్క వేగము పెంచుట కంటె మంచి పద్ధతిని వెదకుట ఎందుకు ముఖ్యమో ఈ లెక్క తెలుపును.

పావురాల గూళ్ళ సూత్రము మిక్కిలి సులభమైనది. గూళ్ళ కంటె పావురములు ఎక్కువైనచో ఒక గూటిలోనైన రెండు పావురములుండును. 13 మంది ఉన్నచోట ఇద్దరైన ఒకే నెలలో పుట్టినవారై యుందురు. ఎంత పెద్ద ఫైలునైనను తప్పక చిన్నది చేయగల కుదింపు ప్రోగ్రాము ఏదియు లేదని ఈ సూత్రముతోనే నిరూపింపవచ్చును.

గ్రాఫు సిద్ధాంతము

కొన్ని బిందువులు, వాటిలో కొన్నిటిని కలుపు గీతలు కలిసి గ్రాఫు అగును. కోనిగ్స్‌బర్గ్‌లో నాలుగు భూభాగములను ఏడు వంతెనలు కలుపుచుండెను. ప్రతి వంతెనను ఒక్కసారి మాత్రమే దాటుచు నగరమంతయు తిరుగుట సాధ్యమా అనునది ప్రశ్న. దారిలో నడుమ వచ్చు భూభాగములోనికి ఎన్నిసార్లు వచ్చిన అన్నిసార్లు బయటికి పోవలెను. కావున దారి మొదలు, చివర తప్ప మిగిలినవాటికి వంతెనలు సరిసంఖ్యలో ఉండవలెను. అక్కడ ఒక భాగమునకు ఐదు, మిగిలిన మూడింటికి మూడేసి వంతెనలు ఉండెను. నాలుగును బేసిసంఖ్యలే గనుక అట్టి దారి లేదు. ఒక్క దారి కూడ నడువకుండనే ఏ దారియు పనికిరాదని ఆయిలర్ తెలిసికొనెను.

రోడ్లు, రైలు మార్గములు, టెలిఫోను తీగలు, ఇంటర్నెట్టు పుటల మధ్య లంకెలు అన్నియు గ్రాఫులుగా భావింపదగినవి. 1959లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ప్రకటించిన అతి తక్కువ దూరపు మార్గమును కనుగొను పద్ధతి ఈ విభాగములో ప్రసిద్ధమైనది.

సంఖ్యా సిద్ధాంతము, బీజీయ నిర్మాణములు

1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ కనుగొన్న రహస్య లేఖన పద్ధతికి ప్రధాన సంఖ్యలు ఆధారము. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించుట సులభము. లబ్ధమును మాత్రమే చూచి ఆ రెంటిని కనుగొనుట మిక్కిలి కష్టము. ఈ భేదమే రహస్యమును కాపాడును. సమూహములు, జాలకములు మొదలగు బీజీయ నిర్మాణములు కూడ ఈ పాఠ్యాంశములో చేర్చబడుచున్నవి.

పరీక్ష, నిరూపణ

వివిక్త గణితము నేర్పు విషయములలో ముఖ్యమైనది పరీక్షకు, నిరూపణకు గల భేదము. న² + న + 41 అను సమాసమును తీసికొందము. న స్థానములో 0, 1, 2, 3 ... వ్రాయగా 41, 43, 47, 53 ... వచ్చును. ఇవన్నియు ప్రధాన సంఖ్యలే. 39 వరకు నలుబది సార్లు పరీక్షించినను ప్రధాన సంఖ్యయే వచ్చును. 40 వ్రాసినప్పుడు 1681 వచ్చును. అది 41 × 41. ప్రధాన సంఖ్య కాదు. నలుబది ఉదాహరణలు సరిపోయినంత మాత్రమున నియమము సత్యమని చెప్పరాదు.

అనంతమైన సందర్భములను పరిమితమైన మాటలలో నిరూపించుటకు గణితానుగమనము ఉపయోగపడును. న అక్షరముల పాదమునకు అమరికలు 2 యొక్క న-వ ఘాతమునకు సమానమని నిరూపింపవలెను అనుకొందము.

* మొదటి సోపానము: ఒక అక్షరమునకు అమరికలు రెండు, గురువు లేక లఘువు. కావున నియమము 1 విషయములో సత్యము.
* రెండవ సోపానము: ఏదేని ఒక సంఖ్య విషయములో నియమము సత్యమనుకొందము. పాదమునకు మరియొక అక్షరము చేర్చినచో ప్రతి పాత అమరిక నుండి రెండు కొత్త అమరికలు వచ్చును. మొత్తము రెట్టింపగును. కావున తరువాతి సంఖ్యకును నియమము సత్యము.

ఈ రెండు సోపానముల వలన నియమము 1 నుండి 2కు, 2 నుండి 3కు, ఆ విధముగా ఎంతవరకైనను వ్యాపించును. ప్రోగ్రాములో ఒకే పనిని మరల మరల చేయు భాగము సరియైనదని చూపుటకు వాడునది ఈ తర్కమే. 1969లో టోనీ హోర్ దీనిని ప్రోగ్రాములకు అన్వయించు నియమావళిని ప్రకటించెను.

నిరూపణకు కూడ అవధులున్నవి. అది తాను గ్రహించిన నియమముల మేరకే సత్యము. అకారాది క్రమములోనున్న పేర్ల జాబితాలో ఒక పేరును వెదకుటకు మధ్యనున్న పేరును చూచి, జాబితాలో సగమును విడిచిపెట్టుచు పోవుట ఉత్తమ పద్ధతి. పది లక్షల పేర్లలోనైనను 20 పోలికలకు మించి అవసరముండదు; ఏలయన 2²⁰ పది లక్షల కంటె ఎక్కువ. ఈ పద్ధతిని వ్రాయునప్పుడు మొదటి స్థానమును, చివరి స్థానమును కూడి రెండుతో భాగించి మధ్యస్థానమును కనుగొనుట అలవాటు. జాన్ బెంట్లీ 1986లో ప్రచురించిన ప్రోగ్రామింగ్ పెరల్స్ అను గ్రంథములో దీనిని నిరూపణతో సహా వివరించెను. కాని జావా భాషతో పాటు వచ్చు గ్రంథాలయములోని ఇట్టి ప్రోగ్రాములో దోషము కలదని 2006లో జాషువా బ్లాక్ ప్రకటించెను. గణితములో పూర్ణ సంఖ్యలకు అంతము లేదు; యంత్రములో 32 ద్విసంఖ్యాస్థానముల పూర్ణ సంఖ్య 2,14,74,83,647 దాటినచో ఋణసంఖ్యగా మారును. జాబితా మిక్కిలి పెద్దదైనప్పుడు ఆ కూడికయే హద్దు దాటును. రెండు స్థానముల భేదములో సగమును మొదటి స్థానమునకు కలిపినచో ఈ దోషము రాదు. ఇందు దోషము నిరూపణ యొక్క తర్కములో లేదు. యంత్రములోని సంఖ్యలు కూడ గణితములోని సంఖ్యల వంటివే అను ఊహలో ఉన్నది. ఊహలను స్పష్టముగా వ్రాసికొనుట కూడ నిరూపణలో భాగమే.

కొన్ని పనులు అసలు సాధ్యము కావని నిరూపించుట కూడ ఈ శాస్త్రములో కలదు. ఏ ప్రోగ్రామును ఇచ్చినను అది ఎప్పటికైన ఆగునో, ఎన్నటికి ఆగదో తప్పక చెప్పగల ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొందము. అది "ఆగును" అని చెప్పినప్పుడు ఆగకుండ, "ఆగదు" అని చెప్పినప్పుడు ఆగిపోవు మరియొక ప్రోగ్రామును వ్రాయవచ్చును. ఆ రెండవదానికి దానినే ఇచ్చి ప్రశ్నించినచో ఏ సమాధానమైనను తప్పగును. కావున మొదటి ప్రోగ్రాము ఉండజాలదు. 1936లో ట్యూరింగ్ కనుగొన్న విషయమునకు ఇది నేటి రూపము.

భారతదేశ విశ్వవిద్యాలయములలో బోధన

భారతదేశములో బి.టెక్. కంప్యూటరు శాస్త్రము, ఎం.సి.ఏ. మొదలగు కోర్సులలో ఈ పాఠ్యాంశము ఉన్నది. తెలుగు రాష్ట్రములలోని ఇంజనీరింగు కళాశాలలలో ఇది "డిస్క్రీట్ మ్యాథమెటిక్స్" అనియు, "మ్యాథమెటికల్ ఫౌండేషన్స్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్" అనియు వేర్వేరు పేర్లతో కనిపించును. రెండవదానిని విద్యార్థులు ఎం.ఎఫ్.సి.ఎస్. అని పిలుచుదురు. చెన్నై గణిత సంస్థ గణితమును, కంప్యూటరు శాస్త్రమును కలిపి బి.ఎస్‌సి. ఆనర్సు స్థాయిలో బోధించుచున్నది. గేట్ పరీక్షలో కంప్యూటరు శాస్త్రపు ప్రశ్నపత్రమునకు తర్కము, సమితులు, సంబంధములు, పాక్షిక క్రమములు, జాలకములు, సమూహములు, గ్రాఫులు, గణన పద్ధతులు, పునరావృత్త సంబంధములు పాఠ్యభాగములు.

విద్యార్థి ఈ పాఠ్యాంశమునకు పూర్తిగా కొత్తవాడు కాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2014కు ముందున్న పదవ తరగతి గణితములో ప్రవచనములు, సమితులు, ప్రమేయములు బోధింపబడినవి. ఇంటర్మీడియెట్ గణితములో ప్రమేయములు, గణితానుగమనము, ప్రస్తారములు, సంయోగములు, ద్విపద సిద్ధాంతము చిరకాలముగా పాఠ్యాంశములు.

విద్యార్థులకు ఎదురగు ఇబ్బందులు

పాఠశాలలోను, ప్రవేశపరీక్షలలోను గణితమనగా ఒక సమాధానమును వేగముగా రాబట్టుట. ఈ పాఠ్యాంశములో ప్రశ్న తరచుగా "నిరూపింపుము" అని ఉండును. సమాధానము సంఖ్య కాదు, కొన్ని వాక్యముల వరుస. ఏ సూత్రములో ఏ విలువను ప్రతిక్షేపింపవలెనో తెలిసినంత మాత్రమున అది రాదు. ప్రవేశపరీక్షలలో మంచి ర్యాంకు పొందినవారు సైతము ఇచ్చట తడబడుటకు ఇది ముఖ్యకారణము. సాధారణముగా కనిపించు దోషములు ఇవి.

* నిరూపింపవలసిన విషయమునే ఆధారముగా తీసికొనుట.
* ఒకటి రెండు ఉదాహరణలు చూపి నిరూపణ అయినదనుకొనుట. ప్రవచనము అసత్యమని చూపుటకు మాత్రము ఒక్క ప్రత్యుదాహరణ చాలును.
* ప్రవచనమునకు బదులు దాని విపర్యయమును నిరూపించుట.
* గణితానుగమనములో మొదటి సోపానమును విడిచిపెట్టుట. న = న + 1 అను అసత్యమునకు కూడ రెండవ సోపానము చక్కగా కుదురును; మొదటి సోపానము మాత్రమే దానిని పట్టియిచ్చును.
* "ఇద్దరును వచ్చిరి" అనుదానికి వ్యతిరేకము "ఇద్దరును రాలేదు" అనుకొనుట. "ఇద్దరిలో ఒకరైన రాలేదు" అనునది సరియైన వ్యతిరేకము.

పరీక్షలలో వచ్చు నిరూపణలను కంఠస్థము చేసి ఉత్తీర్ణులగుట అసాధ్యము కాదు. అట్లు చేసినవారికి ఈ పాఠ్యాంశమునకు, ప్రోగ్రామింగునకు గల సంబంధము బోధపడదు. అల్గారిథములు, గణన సిద్ధాంతము అను తరువాతి పాఠ్యాంశములలో అదే ఇబ్బంది మరల ఎదురగును. నిరూపణను మూసిపెట్టి సొంత మాటలలో వ్రాయుట, నియమములలో ఒకదానిని తొలగించినచో ఏ వాక్యము వద్ద నిరూపణ ఆగిపోవునో చూచుట, ప్రతి నిర్వచనమునకు సరిపోవు ఉదాహరణను, సరిపోని ఉదాహరణను వ్రాసికొనుట మేలైన అభ్యాసములు.

పారిభాషిక పదములు

తెలుగు మాధ్యమములో చదివి వచ్చిన విద్యార్థికి తెలిసిన విషయమే ఆంగ్ల పదము వలన కొత్తదిగా తోచును. తరచుగా వచ్చు కొన్ని పదములు, వాటి ఆంగ్ల సమానార్థకములు ఇవి.

* ప్రవచనము - స్టేట్‌మెంట్, ప్రపోజిషన్
* సమితి - సెట్
* సంబంధము - రిలేషన్
* ప్రమేయము - ఫంక్షన్
* గణితానుగమనము - మ్యాథమెటికల్ ఇండక్షన్
* ప్రస్తారము - పెర్మ్యుటేషన్
* సంయోగము - కాంబినేషన్
* మాత్రిక - మేట్రిక్స్
* ప్రధాన సంఖ్య - ప్రైమ్ నంబర్

పాఠ్యగ్రంథములు

నర్సింగ్ దేవ్ రచించిన గ్రాఫు సిద్ధాంత గ్రంథము 1974లో, ట్రెంబ్లే, మనోహర్ కలిసి రచించిన వివిక్త గణిత నిర్మాణముల గ్రంథము 1975లో, సి.ఎల్. లియు గ్రంథము 1977లో వెలువడినవి. భారతదేశ కళాశాలలలో ఇవి విరివిగా వాడబడినవి. 1988లో మొదటిసారి వెలువడిన కెన్నెత్ రోజెన్ గ్రంథము అనేక ముద్రణలు పొందినది. గ్రహామ్, నూత్, పటాష్నిక్ 1989లో ప్రచురించిన కాంక్రీట్ మ్యాథమెటిక్స్ కొంత ఉన్నత స్థాయికి చెందినది. ఎన్‌పీటెల్ ద్వారా భారతీయ ఆచార్యుల పాఠములు, ఎం.ఐ.టి. వారి పాఠములు ఇంటర్నెట్టులో ఉచితముగా లభించును.

ఆధునిక భారతీయుల కృషి

1782లో ఆయిలర్ లాటిన్ చతురస్రములను గురించి చేసిన ఊహ సరికాదని 1959లో ఆర్.సి. బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే, ఇ.టి. పార్కర్ చూపిరి. 1960లో బోస్, డి.కె. రాయ్‌చౌధురి ప్రకటించిన దోష నివారక సంకేతములు, వాటిని స్వతంత్రముగా 1959లో కనుగొన్న ఆకెన్‌గెమ్ పేరుతో కలిపి, బి.సి.హెచ్. సంకేతములుగా ప్రసిద్ధి చెందినవి. 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అగునో కాదో నిశ్చయముగా, సమర్థముగా తెలిసికొను పద్ధతిని కనుగొనిరి. అప్పుడు కయాల్, సక్సేనా బి.టెక్. పూర్తిచేసిన కొత్తలో ఉన్నవారు.

తెలుగు కుటుంబములో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివిన సి.ఆర్. రావు (1920-2023) 1947లో లంబ విన్యాసములను ప్రవేశపెట్టెను. తక్కువ ప్రయోగములతో ఎక్కువ విషయము రాబట్టుటకు ఇవి ఉపయోగపడును. మూడు స్విచ్చులు గల యంత్రమునకు మొత్తము స్థితులు ఎనిమిది. గురువును ఒక స్థితిగా, లఘువును రెండవ స్థితిగా భావించినచో అవి పైన చెప్పిన ఎనిమిది గణములే. వాటిలో మ, భ, జ, స అను నాలుగింటిని మాత్రము తీసికొనినచో ఏ రెండు స్థానములను చూచినను గగ, గల, లగ, లల అను నాలుగు జతలును ఒక్కొక్కసారి వచ్చును. ఏదేని రెండు స్విచ్చుల కలయిక వలన వచ్చు దోషము ఈ నాలుగు పరీక్షలలోనే బయటపడును. ప్రోగ్రాముల పరీక్షలో నేడు ఈ విన్యాసములు వాడుకలో ఉన్నవి. ఎన్ని పరీక్షలు చాలునో, ఎట్టి దోషములకు చాలవో తెలుపునది మరల నిరూపణయే.

ఇవి కూడా చూడండి

* సమితి
* గణితానుగమనము
* ఛందస్సు
* పావులూరి మల్లన
* ద్విసంఖ్యామానము
* సి.ఆర్. రావు